బత్తలపల్లె క్యాసెట్టు

1996 జూన్‌లో నన్ను అనంతపురం బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ఇంజనీరు. పని, ఊరి బయట ఉన్న ఒక చిన్న రేడియో కేంద్రంలో యంత్రాల నిర్వహణ. కేంద్రం పేరు చెప్పను. చెప్పబోయేది అక్కడ జరిగిన ఒక లోపం గురించి, అందులో పెద్ద వాటా నాది. రిటైరయ్యాక ఎవరి మీదా పితూరీలు చెప్పే ఉద్దేశం నాకు లేదు, నా మీద తప్ప.

బయటివాళ్లకు రేడియో అంటే అనౌన్సర్ గొంతు. మాకు రేడియో అంటే లాగ్‌బుక్. డ్యూటీలో ఉన్న మనిషి గంటకోసారి మీటర్ల ముందుకు వెళ్లి, కరెంటు ఎంత వోల్టేజీతో వస్తోందో, ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో, ట్రాన్స్‌మిటర్ ఎంత పవర్ ఇస్తోందో చూసి, ఆ అంకెలు గళ్లలో రాసి సంతకం పెట్టాలి. ఫ్రీక్వెన్సీ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పే అంకె. మన దేశంలో అది యాభై ఉండాలి. గడి ఖాళీగా వదిలేస్తే మెమో వస్తుంది, రాసింది దిద్దితే ఇంకా పెద్ద మెమో. ఈ విషయంలో నేను కఠినంగా ఉండేవాణ్ణి. నా వెనక నన్ను ‘గళ్ల సారు’ అనేవారని తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉండేవాణ్ణి, ఎందుకంటే లోపల నాకది గొప్పగానే ఉండేది.

నేను చేరిన మరుసటి ఏడు ఒక పెద్ద కేంద్రం తన లైబ్రరీ సర్దుకుంటూ, అక్కర్లేని ఇంగ్లీషు రికార్డులు రెండు పెట్టెల నిండా మాకు పంపింది. అప్పటికి తెలుగు పాటలన్నీ టేపు మీదికి వచ్చేశాయి. రికార్డు ప్లేయర్‌కు పని తగ్గిపోయింది. వచ్చిన సరుకు వాడినట్టు కనబడాలి కాబట్టి ఆదివారం సాయంత్రం అరగంట పాశ్చాత్య సంగీతం వేయడం మొదలుపెట్టారు. ఆ అరగంట సత్యవతిగారి డ్యూటీ. ఆవిడ సీనియర్ అనౌన్సర్, చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకున్న మనిషి. ఈ ఇంగ్లీషు పాటలంటే ఆవిడకు తలనొప్పి. పెట్టెలో పైన ఏది ఉంటే అది తీసి, అట్ట మీదున్న పేరు కూడబలుక్కుని చదివి ప్లేయర్ మీద పెట్టేవారు.

అలా ఒక ఆదివారం, పాడుబడిన చర్చి బొమ్మ ఉన్న అట్టలోంచి ఒక పాట బయటికి వచ్చింది. మొదట గాలి హోరు, తర్వాత గంట, ఆ తర్వాత చాలా లోతైన మగ గొంతు. నాలుగు రోజులకు శ్రోతల పోస్టుకార్డులు రావడం మొదలయ్యాయి. పేర్లు వేరువేరుగా ఉన్నాయి, చేతిరాత మాత్రం ఒక్కటే. ‘గంట కొట్టి బొంగురు గొంతుతో పాడే ఇంగ్లీషు పాట దయచేసి మళ్లీ వేయగలరు’ అని అన్నింట్లోనూ అదే వాక్యం. సత్యవతిగారు ఆ కార్డులు నాకు చూపించి నవ్వారు. ఎవరో పాపం ఇంట్లోవాళ్ల పేర్లన్నీ వాడేస్తున్నారు, వేయకపోతే మేకల పేర్లు కూడా రాస్తారేమో అన్నారు. 1998 వేసవిలో వరసగా నాలుగైదు ఆదివారాలు ఆ పాటే వేశారు. తర్వాత ఆవిడ బదిలీ మీద వెళ్లిపోయారు, ఆ అరగంట కూడా ఆగిపోయింది.

మూడేళ్ల తర్వాత, 2001 సెప్టెంబరులో, గేటు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఇద్దరు మనుషులు ఇంజనీరును కలవాలంటున్నారట. శ్రోతలు ఇంజనీరును కలవడానికి ఎప్పుడూ రారు. పాస్ రాయించి లోపలికి పంపమన్నాను.

వచ్చినవాళ్లలో ఒకాయన ఓబులేసు. బత్తలపల్లెలో మెయిన్ రోడ్డు మీద కాలిపోయిన బోరు మోటర్లకు రాగి తీగ తిరగ చుట్టే షాపు ఆయనది. వయసు నలభై లోపు, వేళ్ల నిండా వార్నిష్ మరకలు. రెండో ఆవిడ ఫరీదా. సొంతూరు కణేకల్, కాపురం అనంతపురంలో. రోజూ బస్సులో బత్తలపల్లె వెళ్లి జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. కాలేజీ మోటరు కాలినప్పుడు ఆయన షాపుకు వెళ్తే, అక్కడ టేప్ రికార్డర్లో ఈ పాట మోగుతోందట. ఈ ఊర్లో ఈ పాట ఎవరు వింటారని ఆవిడ ఆశ్చర్యపోయి అక్కడే కూర్చుండిపోయారు. అప్పట్నుంచి ఆదివారాలు ఆ షాపులో ఓ ఏడెనిమిది మంది చేరుతున్నారు. ఒక బ్యాంకు ఉద్యోగి, ఇంజనీరింగ్ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు, ఇంకా అలాంటివాళ్లు.

ఏమిటీ పాట అని అడిగాను. ఫరీదా చెప్పారు: “గోతిక్ రాక్ అంటారు సార్. నల్లబట్టలేసుకోని, పాడుబడిన చర్చిల గురించి, సమాధుల గురించి పాడతారు. గిటార్లు గట్టిగానే ఉంటాయి గానీ పాట నిండా దిగులే.”

ఓబులేసు అడ్డం వచ్చి, “చావు పాట అనుకునేరు సార్. చావును పక్కన కూచోబెట్టుకోని మాట్లాడించినట్ల ఉంటాది,” అన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ గొంతు ఎండిపోయిన బోరు పైపులో నోరు పెట్టి పాడినట్టుంటుందని, అందుకే ఇష్టమని చెప్పాడు. కార్డులు తనే రాశానని కూడా నేను అడక్కుండానే ఒప్పుకున్నాడు.

విషయం ఇది. ఆ ఏడు ఆ పాటను సీడీగా మళ్లీ విడుదల చేశారు. ఫరీదా తమ్ముడు బెంగళూరు నుంచి ఒకటి తెచ్చాడు. అందులో ఆ పాట రెండుసార్లు ఉంది. ఒకటి కొత్తగా డ్రమ్ములు కలిపింది, రెండోది పాతదాన్నే శుభ్రం చేసి పెట్టింది. మొదటిదాన్ని షాపులో అందరూ ఏకగ్రీవంగా తిట్టిపోశారు. గొడవంతా రెండోదాని మీద. పాతది పాతట్టే ఉంచామని సీడీ అట్ట మీద రాసి ఉంది. ఓబులేసు మాత్రం మొదటి గంట వినగానే ఇది ఆ పాట కాదన్నాడు. గొంతు పైకెక్కిందన్నాడు, పాట పరుగెత్తుతోందన్నాడు. చేతి గడియారం పెట్టి కొలిస్తే సీడీలో సరిగ్గా అయిదు నిమిషాలు. 1998లో మా రేడియో నుంచి ఆయన రికార్డు చేసుకున్న క్యాసెట్టులో అయిదు నిమిషాల పన్నెండు సెకన్లు.

బెంగళూరులో ఆ పాటల అభిమానుల సంఘం ఒకటి ఉంది. ఏ విడుదలలో ఏ తేడాలున్నాయో జాబితా వేసి చిన్న పుస్తకం తెస్తున్నామని వాళ్లు ప్రకటించారు. ఓబులేసు చెప్పగా ఫరీదా ఇంగ్లీషులో ఉత్తరం రాశారు, సీడీలో పాట వేగం పెంచారని. జవాబు వచ్చింది. వేగం ఎవరూ పెంచలేదు, మీ టేప్ రికార్డరు పాడైపోయింది లేదా బ్యాటరీలు అయిపోయుంటాయి, ఆ క్యాసెట్టును లెక్కలోకి తీసుకోము, పారేయండి అని. ఆ ఉత్తరం షాపులో అందరి ముందూ చదివారు. అక్కణ్ణుంచి మాట ఊళ్లోకి పాకింది.

ఓబులేసు అప్పుడు చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. “మోటరు పక్కన నిలబడుకోని, బేరింగు పోయిందో వైండింగు కాలిందో ఇప్పకుండానే చెప్పేవాణ్ణి సార్. నా యాపారమంతా ఈ చెవిలోనే ఉండాది. ఇప్పుడు రైతులొచ్చి, ఓబులేసూ, నీకు చెవుడొచ్చిందంట గదప్పా, ఒకసారి ఇప్పి చూసి చెప్పు అంటాండారు. ఇద్దరు ముగ్గురు మోటర్లు ధర్మవరం ఎత్తకపోయినారు. పాట సంగతి పోనీండి. నా చెవి బాగుండాదా ల్యాదా, అది తేల్చి చెప్పండి.”

బ్యాటరీల సంగతి అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. “బ్యాటరీ దిగిపోయి రికార్డు చేసింటే, మళ్లా కరెంటు మీద వేసినప్పుడు పాట ఉరుకుతాది సార్, నిదానం కాదు,” అన్నాడు. నిజమే. నేను అడగకూడని ప్రశ్న అది. ఇంజనీరునై ఉండి అడిగాను.

క్యాసెట్టు తీసుకుని మా స్టూడియో డెక్‌లో పెట్టాను. అట్ట మీద తెలుగులో ‘మే, మూడో ఆదివారం’ అని రాసి ఉంది. పాటకు ముందు సత్యవతిగారి గొంతు వచ్చింది. పేరు తడబడుతూ చదివి, క్షమించండి అని, మళ్లీ చదివారు. ఆ గొంతు రెండేళ్ల పాటు రోజూ విన్నాను. ఏమాత్రం తేడా ఉన్నా తెలిసేది. అది ఆవిడ గొంతే, ఉన్నదున్నట్టుగా ఉంది. వెంటనే గాలి, గంట, పాట. పాట నిదానంగా, లోతుగా ఉంది.

ఓబులేసు టేప్ రికార్డరు పాడైనదే అయితే సత్యవతిగారి గొంతు కూడా బొంగురు పోవాలి. పోలేదు. కాబట్టి ఆయన యంత్రంలో తప్పు లేదు. ఆ మాట చెప్పగానే ఫరీదా, “నేను చెప్పలేదా ఓబులేసన్నా,” అన్నారు. ఆయన మాత్రం తొందరపడలేదు. అసలు రికార్డు మీ దగ్గరే ఉండాది గదా, అది కూడా వేసి చూద్దాం సార్ అన్నాడు.

లైబ్రరీలోంచి రికార్డు తెప్పించి ప్లేయర్ మీద పెట్టాను. గంట మోగగానే ఓబులేసు ముఖం మారిపోయింది. పక్కనే సీడీ కూడా వేసి పోల్చాం. రెండూ ఒక్కటే. అయిదు నిమిషాలు, ఒక్క సెకను కూడా ఎక్కువ లేదు. ఓబులేసు క్యాసెట్టును జేబులో పెట్టుకుని, “అయితే నా చెవిదే తప్పు సార్,” అని లేచాడు. పొద్దున్నే షాపు మూసి వచ్చినవాడు, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. నాకు చాలా బాధేసింది. క్యాసెట్టులో పాట ఒక్కటే నిదానించి, సత్యవతిగారి గొంతు సరిగ్గా ఎలా వచ్చిందన్నది నాకు అంతుపట్టలేదు.

మర్నాడు ఉదయం స్టోరు రూములో ఏదో వెతుకుతుంటే పాత రికార్డు ప్లేయర్ కనబడింది. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న మేము రికార్డు వేసింది 2000లో వచ్చిన కొత్త ప్లేయర్ మీద. దానికి సొంతంగా వేగాన్ని పట్టి ఉంచే ఏర్పాటు ఉంది. పాతదానికి అది లేదు. పాతదాని మోటరు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. ఫ్రీక్వెన్సీ యాభై ఉంటే సరైన వేగం, తగ్గితే రికార్డు నిదానిస్తుంది. రికార్డు నిదానిస్తే గొంతు కిందికి దిగుతుంది.

1998 లాగ్‌బుక్ తీయించాను. మే మూడో ఆదివారం, పాట వచ్చిన గంట. ఫ్రీక్వెన్సీ గడిలో నలభై ఎనిమిది అని ఉంది. కింద నా సంతకం.

ఆ రోజులు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. వానలు లేని వేసవి. డ్యాముల్లో నీళ్లు లేక కరెంటు తయారీ తగ్గిపోయింది, బోర్ల నీళ్లు దిగిపోయి మోటర్లు మాత్రం ఆగకుండా ఆడుతున్నాయి. పల్లెలకు మూడు ఫేజుల కరెంటు ఇచ్చిన నిమిషంలో వేల మోటర్లు ఒక్కసారిగా గుయ్యిమనేవి. మన జిల్లా ఒక్కటే కాదు, దక్షిణాది అంతా ఒకే తాడుకు కట్టిన ఎద్దుల్లా ఉండేది. బరువు పెరిగితే అందరికీ నడక తగ్గేది, అంటే ఫ్రీక్వెన్సీ పడిపోయేది. ఆ సంగతి మాకు తెలుసు, రోజూ రాసేవాళ్లం. వోల్టేజీ పడిపోతే స్టెబిలైజర్ చూసుకుంటుంది. ఫ్రీక్వెన్సీని ఏ స్టెబిలైజరూ సరిచేయదు. అది కూడా తెలుసు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అది గుర్తు రాకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆ వేసవిలోనే ఒకరోజు సత్యవతిగారు నా గదికి వచ్చి, ఈ ప్లేయర్ మీద పెట్టినవన్నీ శ్రుతి దిగుతున్నాయండీ అన్నారు. మీటర్లన్నీ బాగానే ఉన్నాయి, మీరు మైకు సంగతి చూసుకోండి చాలు అన్నాను. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నలభై ఏళ్లు వీణ పట్టిన మనిషితో ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మా కేంద్రం అధిపతి దగ్గరికి వెళ్లి ఒక పరీక్షకు అనుమతి అడిగాను. మధ్యాహ్నం రెండు గంటలు మాకు ప్రసారం ఉండదు. ఆ సమయంలో బయటి కరెంటు ఆపేసి, స్టూడియోను మా డీజిల్ జనరేటర్ మీద నడిపితే, ఇంజను వేగం తగ్గించి ఫ్రీక్వెన్సీని మనమే కిందికి దించొచ్చు. ఆయన ఒక పాట కోసం ఇంత పనా అన్నారు. పాట కోసం కాదు, లాగ్‌బుక్ కోసం అన్నాను. నా నోట ఆ మాట వచ్చాక ఆయన అడ్డు చెప్పలేకపోయారు.

ఓబులేసును రప్పించడానికి ఫరీదా రెండుసార్లు షాపుకు వెళ్లాల్సి వచ్చింది. మూడోరోజు వచ్చాడు, మనసు లేకుండానే. పాత ప్లేయర్ స్టూడియోలో బిగించి ఉంచాను. ఆయన్ను దాని పక్కన కూర్చోబెట్టాను, క్యాసెట్టు వినిపించలేదు, గడియారం తీసి పక్కన పెట్టమన్నాను. నలభై ఎనిమిది అన్న అంకె ఆయనకుగానీ ఫరీదాకుగానీ చెప్పలేదు. చెప్పింది ఒక్కటే. పాట వేస్తాను, అది కొంచెం కొంచెంగా నిదానిస్తుంది, నీ పాట వచ్చిందనిపించినప్పుడు చెయ్యి ఎత్తు.

నేను అద్దానికి ఇవతల కంట్రోల్ రూములో ఫ్రీక్వెన్సీ మీటర్ ముందు నిలబడ్డాను. ఆయన వీపు నా వైపు ఉంది. జనరేటర్ గదిలో ఆపరేటర్‌కు ఫోనులో చెబుతుంటే అతను ఇంజను వేగం కొద్దికొద్దిగా తగ్గిస్తున్నాడు. సూది యాభై నుంచి కదిలింది. నలభై తొమ్మిదిన్నర. నలభై తొమ్మిది. ఓబులేసు తల వంచుకుని కదలకుండా ఉన్నాడు. నలభై ఎనిమిదిన్నర దగ్గర ఆయన చెయ్యి ఒళ్లోంచి కొద్దిగా లేచింది, మళ్లీ దిగిపోయింది. సూది నలభై ఎనిమిదిని తాకగానే చెయ్యి నిటారుగా పైకి లేచింది. “ఆపండి సార్. ఇదే. ఇదే నా పాట,” అన్నాడు.

ఆపరేటర్‌కు అక్కడే ఉంచమని చెప్పి స్టూడియోలోకి వెళ్లాను. లాగ్‌బుక్ తెరిచి ఆ గడి మీద వేలు పెట్టి చూపించాను. ఓబులేసు అంకె చదివాడు, కింద సంతకం ఎవరిదని అడిగాడు. నాదన్నాను. ఆయన, “మా మోటర్లే దించినాయి సార్ మీ పాటను. నేను చుట్టినవి కూడా ఉండింటాయి అందులో,” అని నవ్వాడు. ఫరీదా కళ్లు తుడుచుకుంటూ, పాట అయ్యేదాకా మాట్లాడొద్దని మా ఇద్దరికీ సైగ చేశారు.

ఇక మిగిలింది కాగితం. బెంగళూరు వాళ్లకు, బత్తలపల్లె వాళ్లకు మా సంతకంతో ఉత్తరం కావాలి. అధిపతిగారు ఒప్పుకోలేదు. మన తప్పును మనమే కాగితం మీద పెట్టుకోవడమేమిటి, కావాలంటే కరెంటు మీద పెట్టి రాయండి అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఆ కుర్చీలో ఎవరున్నా అదే అంటారు. నేను రూల్స్ పుస్తకం తీశాను. శ్రోతలకు వెళ్లే ఉత్తరం మీద అధిపతి సంతకం ఉండాలి. సాంకేతిక నివేదిక మీద ఇంజనీరు సంతకం చాలు, కోరినవారికి నకలు ఇవ్వొచ్చు. దాన్ని నివేదికగా రాశాను. గళ్ల సారు సందు పట్టుకున్నాడయ్యా అని ఆయన అన్నట్టు తర్వాత తెలిసింది.

నివేదికలో మూడు విషయాలే ఉన్నాయి. ఫలానా తేదీన మా కేంద్రం ఈ పాటను అసలు వేగం కన్నా నిదానంగా ప్రసారం చేసింది. కారణం తగ్గిన ఫ్రీక్వెన్సీ, దానికి లోబడే ప్లేయర్‌ను వాడడం. మూడోది ఓబులేసు అడిగి రాయించుకున్నాడు: శ్రోత శ్రీ ఓబులేసు వినికిడి, ఆయన టేప్ రికార్డరు, రెండూ సరిగ్గా ఉన్నాయి. ఆ కాగితానికి లామినేషన్ చేయించి షాపులో స్విచ్చుబోర్డు పక్కన తగిలించాడు. ధర్మవరం వెళ్లిన మోటర్లు మళ్లీ తిరిగి వచ్చాయని ఫరీదా చెప్పారు.

బెంగళూరు సంఘం క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసింది. వాళ్ల చిన్న పుస్తకంలో ఆ పాట కింద ‘అనంతపురం ప్రసారం, నిదానం’ అని ఒక వరస చేరింది. క్యాసెట్టు నకళ్లు కావాలని చాలామంది అడిగారట. ఒకసారి బత్తలపల్లె మీదుగా వెళ్తూ షాపులో ఆగాను. ఏది అసలైంది, ఏది బాగుంది అని వాళ్లింకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. నీకేది ఇష్టమప్పా అని ఓబులేసును అడిగాను. “నిజమైంది సీడీలోదే సార్, దాంట్లో అనుమానం ల్యా. కానీ నేను మనసుపడింది దీని మీద గదా,” అన్నాడు.

నివేదిక నకలు నిబంధన ప్రకారం పై కార్యాలయానికి కూడా వెళ్లింది. రెండు నెలలకు నాకు మెమో వచ్చింది. తగ్గిన ఫ్రీక్వెన్సీ లాగ్‌బుక్‌లో ప్రతి గంటా నమోదై ఉండగా, దాని ప్రభావం ప్రసారం మీద పడుతున్నట్టు ఎందుకు గమనించలేదో వారం రోజుల్లో వివరణ ఇవ్వాలి. సర్వీసులో నాకు వచ్చిన మొదటి మెమో అది. సాంకేతికంగా చెప్పుకోదగ్గ కారణాలు నాలుగైదు ఉన్నాయి, రెండు పేజీలు చిత్తుప్రతి కూడా రాశాను. సాయంత్రం అది చించేసి రెండు వాక్యాలు రాసి పంపాను. ‘ఫ్రీక్వెన్సీ రాశాము. పాట వినలేదు.’

దాని మీద చర్య ఏమీ తీసుకోలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా కింద పనిచేసినవాళ్లందరికీ ఒక పని అదనంగా పెట్టాను. గంటకోసారి మీటర్లు చూసే ముందు ఒక నిమిషం హెడ్‌ఫోను పెట్టుకుని ప్రసారం వినాలి, ఎవరైనా శ్రుతి తగ్గిందంటే, ఆ మనిషి ఏ హోదాలో ఉన్నా, ముందు నమ్మి తర్వాత పరీక్షించాలి. ఆ సంఘటన నాకు నేర్పింది అంతే. నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టింది. సత్యవతిగారి మాట ఆ రోజే విని ఉంటే ఒక్క సాయంత్రంలో అయిపోయేది.